నూనె ఎందుకు కారింది?

సుల్తాన్ బజార్ ఎప్పుడూ సందడిగా ఉంటుంది. బడీచౌడీ సందుల్లో చీరలు, రవికె గుడ్డలు, గాజులు అమ్ముతారు. పైన మెట్రో రైలు పోతుంది. ఇక్కడి స్టేషను 2020 ఫిబ్రవరిలో తెరిచారు. ఇక్కడే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. అది 1901లో పుట్టిన గ్రంథాలయం. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు పెట్టుకున్న మొదటి గ్రంథాలయం అదే.

ఆ దారిలో ఒక ఆమె గాజుల బండి పెట్టుకుంది. అందరూ ఆమెను గాజులక్క అంటారు. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు గ్రంథాలయం బోర్డు చూస్తే ఆగి చదువుతుంది. బస్సు బోర్డు చదువుతుంది. కరెంటు బిల్లు మీద తేదీ చదువుతుంది.

గాజులక్క భర్త వ్యాను నడుపుతాడు. అది పాత మారుతి ఓమ్ని వ్యాను. ఓమ్ని వ్యాన్లు 2019లో తయారీ ఆపేశారు. కాని రోడ్ల మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పొద్దున బడి పిల్లలను దింపుతాడు. తర్వాత బట్టల మూటలు వేస్తాడు. ఇంటికి ఆ వ్యానే ఆధారం. దాని కోసం పొదుపు సంఘంలో తీసిన అప్పు ఇంకా తీరలేదు.

ఒకరోజు పొద్దున ఆమె వాకిలి ఊడుస్తోంది. వ్యాను కింద నల్లటి మరక కనిపించింది. వేలుతో తాకింది. జిడ్డుగా ఉంది.

"ఏమయ్యా, బండి కింద నూనె కారుతున్నది" అంది.

"పాత బండి గదా. జరంత కారుతది" అన్నాడు భర్త.

మరునాడు మరక పెద్దదయింది. వ్యాను లోపల కాలిన నూనె వాసన కూడా వచ్చింది. ఓమ్ని వ్యానులో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. అందుకే కూర్చున్నవాళ్లకు ముందే తెలుస్తుంది.

దారి పక్కన పానాల పెట్టె పెట్టుకున్న ఒక కుర్ర మెకానిక్కు దగ్గరికి పోయారు. అతను సీటు ఎత్తి చూశాడు. ఇంజను పైన ఒక మూత ఉంటుంది. దానిని టప్పెట్ కవరు అంటారు. దాని అంచు నుంచి నూనె కారుతోంది.

"ప్యాకింగు పోయింది వదినా. కొత్త ప్యాకింగు తేవాలంటే రాణిగంజ్ పోవాలె. ఎందుకు? పేస్టు పెడత. అర్ధగంటల బండి తీస్కపోండ్రి" అన్నాడు.

అతను మూత విప్పాడు. పాత రబ్బరు ప్యాకింగు తీయలేదు. నూనె జిడ్డు సరిగా తుడవలేదు. నల్లటి పేస్టు ట్యూబు తీశాడు. రబ్బరు మీద, కింద, మూత అంచు మీద దండిగా పూశాడు. బోల్టులు గట్టిగా బిగించాడు. పేస్టు పక్కలకు ఉబికింది. బయటికి ఉబికినదాన్ని వేలుతో తుడిచేశాడు. లోపలికి ఉబికింది ఎవరికీ కనిపించలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

పది రోజులు నూనె కారలేదు. భర్తకు సంతోషమయింది. రాణిగంజ్ పోయే పని తప్పిందనుకున్నాడు.

ఒక సాయంత్రం ఇద్దరూ నారాయణగూడ వైపు వ్యానులో పోతున్నారు. వెనుక బట్టల మూటలు ఉన్నాయి. స్టీరింగు ముందు ఎర్రదీపం వెలిగింది. నూనె చెంబు బొమ్మ ఉన్న దీపం అది. చెంబు మూతి నుంచి ఒక చుక్క పడుతున్నట్టు ఉంటుంది.

"గా ఎర్రదీపం ఏంది?" అంది గాజులక్క.

"ఉత్తదే. వైరు లూజయి ఉంటది. గిరాకి ఎదురు చూస్తున్నడు. మాల్ దింపినంక చూద్దం" అన్నాడు భర్త.

"ఉత్తదయితే కంపెనోడు ఎర్రగ ఎందుకు పెడతడు? బండి ఆపు ముందు."

అతను విసుక్కున్నాడు. కాని పక్కకు తీసి ఇంజను ఆపాడు. నూనె కొలిచే పుల్ల తీసి చూశాడు. నూనె నిండుగానే ఉంది.

"చూడు, నూనె ఉన్నది. దీపమే ఖరాబయింది" అన్నాడు.

నూనె ఉంది. మరి దీపం ఎందుకు వెలిగింది? గాజులక్కకు అర్థం కాలేదు. కాని ఇంజను మళ్లీ ఆన్ చేయనివ్వలేదు. మూటలు ఆటోలో పంపారు. ఆటో కిరాయి దండగ అని భర్త సణిగాడు. వ్యానుకు తాడు కట్టి, ఇంకో బండితో లాగించుకుని చిక్కడపల్లి సందులోని ఒక పాత గ్యారేజీకి పోయారు.

అక్కడ ముసలి మిస్త్రీ ఉన్నాడు. అందరూ అతన్ని చాచా అంటారు. చాచా వ్యాను కింద పడుకుని ఆయిల్ చాంబరు విప్పాడు. ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టినే ఆయిల్ చాంబరు అంటారు. అందులో ఒక చిన్న జల్లెడ ఉంటుంది. పంపు ఆ జల్లెడ గుండా నూనెను పీల్చి పైకి పంపుతుంది.

చాచా జల్లెడ బయటికి తీశాడు. దాని నిండా నల్లటి పోగులు చుట్టుకుని ఉన్నాయి. ఉడికిన సేమ్యాలాగ ఉన్నాయి.

"ఇది చూడు బేటీ. ఇదంతా పేస్టు. పైన మూత లోపలికి ఉబికింది. ఇంజను వేడికి, నూనె తాకిడికి తెగి కింద పడ్డది. జల్లెడను మూసేసింది" అన్నాడు చాచా.

"నూనె నిండ ఉన్నది గద చాచా?"

"బావిల నీళ్లుంటయి. మోటరు ఫుట్‌వాల్వుకు గుడ్డపీలిక చుట్టుకుంటే నీళ్లొస్తయా? గిది గంతే. నూనె కింద ఉన్నది. పైకి పోతలేదు."

ఇంజనులో ఇనుప ముక్కలు నిమిషానికి వేలసార్లు తిరుగుతాయి. వాటి మధ్య పలుచటి నూనె పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపు ఇనుముకు ఇనుము తగలదు. నూనె పైకి రాకపోతే ఇనుము ఇనుమును రాసుకుంటుంది. వేడెక్కుతుంది. కొద్దిసేపటికే ఇంజను పట్టేస్తుంది. అప్పుడు చిన్న రిపేరుతో పోదు. ఇంజను మొత్తం విప్పాలి. పాత బండికి ఆ ఖర్చు పెడితే బండి ధర కన్నా ఎక్కువ కావచ్చు.

ఎర్రదీపం నూనె ఎంత ఉందో చెప్పదు. నూనె ఎంత ఒత్తిడితో పైకి పోతోందో చెబుతుంది. తాళం తిప్పగానే అది వెలుగుతుంది. ఇంజను మొదలవగానే ఆరిపోవాలి. బండి నడుస్తుండగా వెలిగితే వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపాలి. ఇంకో వీధి దాకా పోదాం అనుకోకూడదు.

చాచా లోపలి ముక్కలు పరీక్షించాడు. ఇంజనుకు దెబ్బ తగల్లేదు.

"ఆపుమన్నది ఎవరు?" అని అడిగాడు.

భర్త నవ్వి భార్య వైపు చూపించాడు.

ప్యాకింగు అంటే ఏమిటి?

కుక్కర్ మూతలో రబ్బరు ఉంటుంది. అది లేకపోతే ఆవిరి పక్కల నుంచి పోతుంది. విజిల్ రాదు. మూత ఇనుమే, గిన్నె ఇనుమే అనుకుందాం. రెండు గట్టి అంచులు ఎంత నొక్కినా వాటి మధ్య సన్న సందులు ఉంటాయి. కంటికి కనిపించవు. ఆవిరికి ఆ సందు చాలు. మెత్తటి రబ్బరు ఆ సందుల్లోకి దిగి మూసేస్తుంది.

ఇంజనులో కూడా అంతే. రెండు భాగాల మధ్య ప్యాకింగు పెడతారు. దాన్నే గ్యాస్కెట్ అంటారు. కొన్ని ప్యాకింగులు రబ్బరువి. కొన్ని గట్టి కాగితానివి. కొన్ని బెరడువి. కొన్ని పలుచటి లోహపు రేకులవి. ఒక్కోచోట ఒక్కో రకం వాడతారు.

రబ్బరు శాశ్వతం కాదు. వేడికి ఎండిపోతుంది. గట్టిపడుతుంది. కుక్కర్ రబ్బరు పాతబడితే సాగదు. ఎండిన బెండకాయలాగ అవుతుంది. అప్పుడు నొక్కినా సందు నిండదు. దానికి మందు ఒకటే. కొత్తది వేయాలి. పాత రబ్బరు మీద ఏం పూసినా అది మళ్లీ మెత్తబడదు.

రబ్బరు గట్టిపడితే ఎంత ప్రమాదమో ప్రపంచమంతా ఒకసారి చూసింది. అమెరికాలో ఛాలెంజర్ అనే అంతరిక్ష నౌక ఉండేది. 1986 జనవరి 28న అది పైకి లేచింది. 73 సెకన్లకే ఆకాశంలో ముక్కలయింది. ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె బడి పంతులమ్మ. నౌకకు కట్టిన రాకెట్టు అతుకుల్లో రబ్బరు చుట్టలు ఉన్నాయి. ఆ రోజు బాగా చలి. చలికి రబ్బరు బిగుసుకుపోయింది. సందు మూయలేకపోయింది. మంట బయటికి వచ్చింది. తర్వాత విచారణలో ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త చిన్న పని చేశాడు. రబ్బరు ముక్కను నొక్కిపట్టి ఐసు నీళ్లలో ముంచాడు. తీసి వదిలితే అది వెంటనే పాత ఆకారానికి రాలేదు. పెద్ద పెద్ద లెక్కల కన్నా ఆ గ్లాసు నీళ్లే అందరికీ అర్థమయ్యాయి.

మరి పేస్టు ఎందుకు?

గాజులక్క అదే అడిగింది. "గట్లయితే పేస్టు చెడ్డదా చాచా?"

"చెడ్డది గాదు బేటీ. ఉప్పు చెడ్డదా? కూరల పిడికెడు ఏస్తే తింటమా?"

ఆ పేస్టు పేరు సిలికాన్. ఇసుకలో ఉండే మూలపదార్థం నుంచి దీన్ని తయారు చేస్తారు. 1940లో రోచో అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని తేలికగా తయారుచేసే దారి కనిపెట్టాడు. ఆ తర్వాత ఇది అన్ని దేశాలకూ వచ్చింది. మన మిస్త్రీలలో కొందరు దీన్ని అనాబాండ్ అంటారు. అది చెన్నై కంపెనీ పేరు. వేరే కంపెనీలవి కూడా ఉన్నాయి.

ట్యూబులో ఉన్నప్పుడు ఇది వెన్నలాగ ఉంటుంది. బయటికి వస్తే గాలిలోని తేమ తగిలి రబ్బరుగా మారుతుంది. ఎండతో కాదు, తేమతో ఆరుతుంది. ఇది చాలామందికి తెలియదు. పైపొర పది పదిహేను నిమిషాల్లో కడుతుంది. లోపల ఆరడానికి ఒక రోజు పడుతుంది. మందంగా పూస్తే ఇంకా ఎక్కువ. అర్ధగంటలో బండి తీసుకుపొమ్మన్నవాడు ఆ సంగతి మరిచాడు, లేదా మనకు చెప్పలేదు.

కొన్ని రకాలు ఆరేటప్పుడు పుల్లటి వాసన వస్తుంది. నూడుల్స్ బండి దగ్గర వచ్చే వెనిగర్ వాసనే అది. తలుపులు మూసిన గదిలో దీన్ని వాడకూడదు. కంట్లో పడకుండా చూసుకోవాలి. పిల్లలకు అందకుండా పెట్టాలి.

చాచా పనిచేస్తుంటే గాజులక్క పక్కన స్టూలు మీద కూర్చుంది. అన్నీ చూసింది.

ముందు పాత రబ్బరు తీసేశాడు. పాత పేస్టును ప్లాస్టిక్ ముక్కతో గీకాడు. చాకు వాడలేదు. ఇంజను పైభాగం అల్యూమినియంది. చాకుతో గీకితే గీతలు పడతాయి. ఆ గీతల్లోంచి మళ్లీ నూనె కారుతుంది. గీకిన చెత్త లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టాడు. తర్వాత అంచులను పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. జిడ్డు మీద పేస్టు అంటదు. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ కూడా సరిగా అంటదు. ఆ సమయంలో ఒకడు బీడీ ముట్టించబోతే చాచా గట్టిగా అరిచాడు.

తర్వాత మూతకు ఉన్న సన్నటి గొట్టంలో గాలి ఊదాడు.

"గిదెందుకు చాచా?"

"కుక్కర్ విజిల్ రంధ్రంల పప్పు అడ్డం పడితే ఏమయితది?"

"ఆవిరి పక్కలకెల్లి కొడతది."

"ఇంజనుకు గూడ ఊపిరి గొట్టం ఉంటది. అది మూసుకుపోతే లోపల గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తది. కొత్త ప్యాకింగు ఏసినా కారుతది. చానామంది గిది చూడరు."

భర్త రాణిగంజ్ నుంచి కొత్త రబ్బరు ప్యాకింగు తెచ్చాడు. చాచా దాన్ని మూత గాడిలో కూర్చోబెట్టాడు. రబ్బరు అంతటా పేస్టు పూయలేదు. అలా పూస్తే రబ్బరు జారుతుంది. బోల్టు బిగించేటప్పుడు పక్కకు తప్పుకుంటుంది. మూలల్లో, రెండు భాగాలు కలిసేచోట మాత్రం చిన్న చుక్కలు పెట్టాడు. ఒక్కో చుక్క శనగగింజంత ఉంది. అక్కడ రబ్బరు వంపు తిరుగుతుంది. సందు మిగిలే చోటు అదే. పేస్టు పని అంతవరకే.

బోల్టులు కూడా ఒకటి పూర్తిగా బిగించి ఇంకొకటి పట్టలేదు. అన్నిటినీ కొంచెం కొంచెం బిగించాడు. ఒకటి ఇటు, ఒకటి అటు. మరీ గట్టిగా బిగిస్తే రేకు మూత వంగుతుంది. రబ్బరు తెగుతుంది.

ఆయిల్ చాంబరుకు మాత్రం ప్యాకింగు లేకుండా పేస్టే పెట్టాడు. గాజులక్క ఆశ్చర్యపోయింది. చాలా బండ్లలో ఆ చోట కంపెనీవాళ్లే ప్యాకింగు పెట్టరు. సిలికాన్ గీత ఒక్కటే గీస్తారు. చాచా కూడా అగ్గిపుల్ల మందంలో సన్నటి గీత గీశాడు. ఎక్కడా తెగలేదు. బోల్టు రంధ్రాల దగ్గర లోపలివైపు నుంచి చుట్టాడు. ముగ్గు వేసే చెయ్యిలాగ కదిలింది అతని చెయ్యి.

సిలికాన్ పెట్టకూడని చోట్లు ఉన్నాయి. పెట్రోలు తగిలేచోట పెట్టకూడదు. పెట్రోలుకు అది ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. కార్బురేటరు దగ్గర, పెట్రోలు పంపు దగ్గర దానికి చోటు లేదు. హెడ్ గ్యాస్కెట్‌కు కూడా పూయకూడదు. అక్కడ పెట్రోలు మండుతుంది. ఆ వేడి, ఆ ఒత్తిడి పేస్టు ఆపలేదు. హెడ్ గ్యాస్కెట్ పోతే నీళ్లు నూనెలో కలుస్తాయి. నూనె ఇరానీ చాయ్ రంగులోకి మారుతుంది. అలా కనిపిస్తే బండి నడపకూడదు.

కుక్కర్ రబ్బరుకు కూడా ఈ పేస్టు పూయకూడదు. ఇది ఇంజను కోసం చేసింది. అన్నానికి తగిలే వస్తువు కాదు. కుక్కర్ లోపల 120 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. పాత రబ్బరుతో సర్దుకోవడం కన్నా అదే కంపెనీ కొత్త రబ్బరు కొనడం మేలు.

ట్యూబు మీద ఏముంది?

చాచా ట్యూబు పక్కన పెట్టాడు. గాజులక్క చేతిలోకి తీసుకుంది. అంతా ఇంగ్లీషులో ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కాని అంకెలు వచ్చు. నెల, సంవత్సరం చదివింది. ధర చదివింది. అట్ట డబ్బాలో, ట్యూబులో అమ్మే వస్తువు మీద ఇవి ఉండాలని చట్టం చెబుతోంది. తయారైన నెల, బరువు, గరిష్ఠ ధర, కంపెనీ చిరునామా, ఫిర్యాదు చేసే నంబరు ఉండాలి. గరిష్ఠ ధర కన్నా ఎక్కువ అడగకూడదు. ఎన్ని నెలల్లోపు వాడాలో కూడా చాలా ట్యూబుల మీద ఉంటుంది. తేదీ దాటిన సిలికాన్ సరిగా ఆరదు. తెరిచిన ట్యూబు లోపలే గట్టిపడుతుంది. అందుకే చాచా ట్యూబు మూతికి ఒక పాత బోల్టు దూర్చి పెట్టాడు.

"చాచా, బిల్లు రాసియ్యి" అంది ఆమె.

చాచా నవ్వాడు. "నా మీద గూడ నమ్మకం లేదా బేటీ?"

"నమ్మకం ఉన్నది. గా పిల్లగాని దగ్గర బిల్లు అడగలే. ఇప్పుడు ఏమని అడుగుదు?"

ఆమె మాట నిజం. రిపేరు కూడా డబ్బులిచ్చి తీసుకునే సేవే. పని చెడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. కాని డబ్బు ఇచ్చినట్టు కాగితం ఉండాలి. తేదీ ఉండాలి. ఏ పని చేశారో ఉండాలి.

చాచా కాగితం మీద రాశాడు. రబ్బరు ప్యాకింగు, ఇంజనాయిల్, జల్లెడ శుభ్రం, కూలి. గాజులక్క ఒక్కో పదం కూడబలుక్కుని చదివింది. కూడిక తనే చేసింది. ఒకచోట చాచా పది రూపాయలు తక్కువ కలిపాడు. ఆమె చెప్పింది. చాచా సరిదిద్దాడు.

పాత ప్యాకింగు, జల్లెడలోని పోగులు ఒక సంచిలో వేసి ఇవ్వమంది. అవి ఆ కుర్ర మెకానిక్కుకు చూపిస్తానంది. కొట్లాటకు కాదు. అతని దగ్గరికి రోజూ ఎందరో బడి వ్యాన్లవాళ్లు వస్తారు.

"బండి రేపు సాయంత్రం తీస్కపోండ్రి. పేస్టు ఆరాలె. అప్పటిదాంక నూనె పోయను" అన్నాడు చాచా.

ఒక రోజు కిరాయి పోయింది. పిల్లలను ఆటోలో పంపాల్సి వచ్చింది. భర్త ఏమీ అనలేదు.

మరునాడు రాత్రి వ్యాను ఇంటికి వచ్చింది. గాజులక్క దాని కింద పాత పేపరు పరిచింది. నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. పొద్దున లేవగానే పోయి చూసింది. పేపరు మీద దుమ్ము ఉంది. రెండు ఎండుటాకులు ఉన్నాయి. నూనె చుక్క లేదు.

"ఏమే, కారిందా?" అని లోపలి నుంచి భర్త అడిగాడు.

"లేదు. నువ్వు లెవ్వు. పిల్లలు ఎదురు చూస్తుంటరు" అంది.